క్రొత్త మంచునకు తొందరపడరాదు

లాల్ దర్వాజాలో మా యెదురింటి సోదరి గడచిన సంక్రాంతికి ముందొకనాడు దిగులుతో మాయొద్దకు వచ్చి, "వదినా, మా యమ్మాయి స్నేహితురాండ్రతో హిమాలయములకు పోవునట. అచట మంచు కూలి మనుష్యులను కప్పివేయునని విన్నాను. పొమ్మందునా, వలదందునా?" అని యడిగినది. మన పాతబస్తీలో మంచన్న శర్బతు గ్లాసులోని గడ్డయే గదా! ఆమె ప్రశ్నకు సమాధానముగా మేము తెలిసికొన్న విషయములను సోదరీమణుల కందఱకు మనవి చేయుచున్నాము.

కొండపై మంచు ఒక్కమాఱుగా పేరుకొనదు. పొరలు పొరలుగా నిలుచును. అడుగుపొర బిగువులేని పలుకులవలె నుండి, పైపొర గట్టిపడినచో అపాయము. వంటయింటిలోనే దీనిని చూడవచ్చును. ఒక పీటపై పంచదార పలుచగా చల్లి, దానిపై బియ్యపుపిండి పోసి అదిమి, పీటను మెల్లగా వంచుడు. కొంతవఱకు కదలదు, పిమ్మట పిండి యంతయు నొక్క పలకవలె జాఱును. కొండపై జరుగునదియు నిదియే. సాధారణముగా 30 మొదలు 45 డిగ్రీల వాలుగల చరియలలో నిట్టి ప్రమాదము మెండు. పెక్కుమాఱులు ఆ పలకను కదల్చునది అచట నడచు మనుష్యుని బరువే.

ఇక గాలి సంగతి. చెఱిగినప్పుడు పొట్టు ఎగిరి గాలి తగ్గినచోట కుప్పపడుట మన మెఱుగుదుము. అట్లే గాలి కొండ యొకవైపు మంచును ఊడ్చి, శిఖరమునకు మఱుగైన రెండవవైపున పోయును. ఆకాశము నుండి పడుదానికంటె అనేక రెట్లు వేగముగా నచట మంచు పేరుకొనును. కావున మంచు కురిసి గాలి వీచిన తరువాత మొదటి ఒకటి రెండు దినములు మిక్కిలి భయంకరములు. ఎండ కాయుచున్నదని మోసపోరాదు.

2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరకాశీ ప్రాంతమున ద్రౌపదీ కా డాండా శిఖరముపై మంచుచరియ కూలి, పర్వతారోహణ శిక్షణ పొందుచున్న బృందములో 29 మంది ప్రాణములు గోల్పోయిరి. నేర్చినవారికే యిట్లైనచో వేడుకకు పోవువారి మాట చెప్పవలెనా? మంచులో పూడినవారిని పది పదునైదు నిమిషములలో వెలికి తీసినచో బ్రతుకు ఆశ యెక్కువ. ఆపై త్వరత్వరగా క్షీణించును. దూరమునుండి సహాయము వచ్చువఱకు ఆగుటకు వీలులేదు, ప్రక్కనున్నవారే రక్షకులు.

కావున తల్లులు ఈ ప్రశ్నలడుగవలెను: మార్గదర్శి ఈ విద్య నేర్చినవాడా? చండీగఢులోని రక్షణశాఖ పరిశోధనాసంస్థ ప్రకటించు మంచు హెచ్చరికలను చూచుచున్నాడా? పూడినవారి జాడ తెలుపు యంత్రము, పొడుగాటి కడ్డీ, పాఱ ప్రతివారియొద్ద నున్నవా? నిట్రమైన చరియను ఒక్కొక్కరుగా దాటుదురా? కాలిక్రింద మంచు బిగ్గున కుంగినను, బీటలు పాఱినను వెనుదిరుగుదురా? ముఖ్యముగా, డబ్బు కట్టితిమి గదాయని ముందునకు నడిపింతురా, ఆగుదురా?

ఆడపిల్లను కొండకు పంపరాదని మా యభిప్రాయము కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 13 ఏండ్ల ప్రాయమున 2014 మే 25న ఎవరెస్టు నెక్కినది. అంతకు నెలదినములు ముందే, ఏప్రిలు 18న, ఆ పర్వతపు నేపాలు వైపున మంచు విఱిగిపడి 16 మంది మరణించిరి. పూర్ణ ఎక్కినది టిబెట్టువైపునుండి. అదియును భువనగిరి కొండపైనను, డార్జిలింగులోను శిక్షణ పొందిన పిమ్మటనే. ధైర్యమునకు విద్య తోడుండవలెను.

మా యెదురింటి సోదరి కూతురి నాపలేదు. ఈ ప్రశ్నలు కాగితముపై వ్రాసి యామె సంచిలో నుంచినది. వారము గడచిన పిదప టెలిఫోను మ్రోగినది. "అమ్మా, రాత్రి మంచు కురిసినది, గాలి వీచినది. శిఖరమునకు పోలేదు, మజిలీలోనే యున్నాము" అని యా బిడ్డ చిన్నవోయిన గొంతుతో చెప్పినదట. ఆ తల్లి మాత్రము ఆ సాయంకాలము మాకు పాయసము పంపినది.