భోగి నాటి పుట్టినరోజు

కంకిపాడు: సంక్రాంతి నెల వచ్చిందంటే కృష్ణా డెల్టా పల్లెల్లో ఇల్లాళ్లకు నడుం వాల్చే తీరిక ఉండదు. ధనుర్మాసపు ముగ్గుతో తెల్లవారితే, పొయ్యి మీది మూకుడు దించేసరికి అర్ధరాత్రి అవుతుంది. 2025 జనవరిలో కంకిపాడుకు దగ్గరి పల్లెలో ఒక కౌలురైతు ఇంట ఈ పనులకు తోడు మూడు పుట్టినరోజులు కూడా వచ్చి పడ్డాయి.

పెద్దమ్మాయికి ఆరో తేదీన పదకొండేళ్లు నిండాయి. పిల్లవాడికి పంతొమ్మిదిన అయిదు నిండుతాయి. మూడోది నాయనమ్మది. భోగి నాటి తెల్లవారుజామున పుట్టిందని ఆమె తల్లి చెప్పేదట. ఏ సంవత్సరమో తెలియదు. "బెజవాడలో బ్యారేజీ కడుతున్న రోజులు" అన్నదొక్కటే గుర్తు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది కాబట్టి ఆమెకు డెబ్బయ్యేళ్లకు అటూ ఇటూ ఉంటాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె పుట్టినరోజు ఎవరికీ గుర్తు రాలేదు. భోగి నాడు ఆమె ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేది మరి!

వీధిలో ఎవరింట అరిసెలు వండినా పాకం చూడటానికి ఈమెనే పిలుస్తారు. కొత్త బియ్యం ముందురోజు నానబోసి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతదైతే నూనెలోనే విడిపోతుంది. "కొలతలు ఎవరైనా చెబుతారు. దించే క్షణం మాత్రం కన్నే చెప్పాలి" అంటారామె. ఆ కన్నే ఇప్పుడు మసకబారింది. కిందటేడాది ఒక వాయి ముదిరిపోయింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు గాని కోడలు గమనించింది.

ఆ ఏడు ధాన్యం డబ్బు పండుగలోపు చేతికి అందలేదు. కోతకు ముందు చేలో చల్లిన మినుముకు మందు కొట్టాలి. ముగ్గురికీ బట్టలు, బేకరీ కేకు అంటే కుదిరే పని కాదు. ఏం కావాలో ఒక్కటి చెప్పమని తండ్రి అడిగితే, పుస్తకాల పండుగకు తీసుకెళ్లమంది పెద్దమ్మాయి.

విజయవాడలో ఈ పండుగ 1989లో మొదలైంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది. 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో జనవరి 2 నుంచి 12 వరకు జరిపారు. బెజవాడకు పుస్తకంతో బంధం కొత్తది కాదు. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు ఆవలి గట్టున కాలువ పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపించారు. చదువరి దగ్గరికే పుస్తకం వెళ్లాలన్నది ఆనాటి పెద్దల పట్టుదల.

చివరిరోజు ఆదివారం, భోగికి ముందురోజు. తండ్రీ కూతుళ్లు బస్సెక్కి వెళ్లారు. అమ్మాయి తన కోసం ఏమీ కొనలేదు. పెద్ద అక్షరాల పేదరాశి పెద్దమ్మ కథల పుస్తకం ఒకటి తెచ్చింది. నాయనమ్మకు సంతకం తప్ప చదువు రాదు. కథలంటే మాత్రం ప్రాణం.

భోగి మంట ఆరేవేళకు కోడలు వంటింట్లో కుక్కరు పెట్టింది. రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, మైదా, పంచదార, పెరుగు కలిపిన గిన్నె లోపల ఉంచింది. ముప్పావుగంటకు కేకు పొంగింది. ఒక పక్క కొంచెం మాడింది కూడా. సాయంత్రం పిల్లవాడికి భోగిపళ్లు పోసిన పీట మీదనే నాయనమ్మను కూర్చోబెట్టారు. "ఈ వయసులో నాకెందుకమ్మా" అని ఆమె లేవబోతే, "ఇవాళ మీరు కూర్చోండి అత్తయ్యా, పాకం నేను చూస్తాను" అంది కోడలు. మనవరాలు కథ చదువుతుంటే ఆమె మధ్యలో ఆపి, "అట్లా కాదే తల్లీ, మా అమ్మ వేరేగా చెప్పేది" అని సరిదిద్దారు. అమ్మాయి నోటుబుక్కు తెచ్చి ఆ కథంతా రాసుకుంది. కింద అరిసెల కొలతలు కూడా రాసింది.

ఆ రాత్రి కోడలు పట్టిన పాకంలో మొదటి వాయి విడిపోయింది. రెండో వాయికి నాయనమ్మ పీట మీంచి లేవకుండానే, పాకం ఉడుకుతున్న చప్పుడు విని "ఇక దించు" అన్నారు. అరిసెలు మెత్తగా వచ్చాయి. దించాల్సిన వేళ చప్పుడును బట్టి కూడా తెలుస్తుందని అమ్మాయి నోటుబుక్కులో మరొక వాక్యం చేర్చింది.

డెల్టాలో ప్రతి వీధిలోనూ ఇటువంటి నాయనమ్మ ఒకరు ఉంటారు. అరిసెలు కిలో లెక్కన కొనుక్కునే రోజులొచ్చాయి. పాకం పట్టిన చేతులకు ఒక రోజు విశ్రాంతి, చెప్పిన మాటలకు ఒక నోటుబుక్కు ఉంటే, ఆ విద్య ఇంటి గడప దాటిపోదు.