కాలక్షేపం అనే మాట: నవలల్లో అల్లిక పని

చార్లెస్ డికెన్స్ 1859లో రాసిన 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' నవలను తెన్నేటి సూరి 'రెండు మహానగరాలు' పేరుతో తెలుగులోకి తెచ్చాడు. ఆ నవల చదివినవాళ్ళకు సిడ్నీ కార్టన్ త్యాగం గుర్తుంటుంది. గిలెటిన్ గుర్తుంటుంది. మద్యం దుకాణంలో కూర్చుని ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూ ఉండే మదాం డిఫార్జ్ కూడా గుర్తుంటుంది గాని, ఒక రాక్షసిగా గుర్తుంటుంది. ఆమె చేతుల్లో ఉన్న పని ఏమిటి, ఆ పనినే నవలాకారుడు ఎందుకు ఎన్నుకున్నాడు అన్న ప్రశ్న మన తరగతి గదుల్లో రావడం అరుదు.

రాజు తరఫు గూఢచారి బార్సాద్ ఒకరోజు ఆ దుకాణానికి వస్తాడు. మదాం డిఫార్జ్ తలలో గులాబీ పెట్టుకుంటుంది. అది చూసి లోపల ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటారు. గూఢచారి మాట కలపడానికి ఆమె అల్లికను మెచ్చుకుంటాడు, ఇది దేనికని అడుగుతాడు. కాలక్షేపానికి అంటుంది ఆమె. అలా అంటూనే అతని పేరును ఆ అల్లికలోకి ఎక్కిస్తూ ఉంటుంది. ప్రజాశత్రువుల పేర్లను తనకు మాత్రమే తెలిసిన కుట్లలో, గుర్తులలో ఆమె నమోదు చేస్తున్నది. కాగితం మీద రాస్తే పోలీసులకు దొరుకుతుంది. ఆడమనిషి ఒడిలోని అల్లికను ఎవరు సోదా చేస్తారు? ఇంటిపని పట్ల సమాజానికి ఉన్న చిన్నచూపే ఆమెకు కవచమయింది. డికెన్స్ పరిశీలనల్లో ఇంత పదునైనవి కొద్ది మాత్రమే.

అంతకంటే గట్టి ఘట్టం ఇంకొకటి ఉంది. సెయింట్ ఆంట్వాన్ పేటలో సాయంత్రం పూట ఆడవాళ్ళు గుమ్మాల ముందు కూర్చుని అల్లుతూ ఉంటారు. వాళ్ళు అల్లేవి విలువైన వస్తువులు కావు. తినడానికి లేని చోట దవడలకు బదులు చేతులు ఆడుతున్నాయని, ఆ ఎముకల వేళ్ళు ఆగితే కడుపులు ఇంకా మాడతాయని నవలాకారుడు చెప్తాడు. ప్రతీకల కోసం వెతికే విద్యార్థి ఈ పేరాను దాటేసి, విధి దారాలు అల్లే దేవతల దగ్గరికి పోతాడు. నా మటుకు నాకు ఈ పేరాయే ముఖ్యం. ఆకలికి శరీరంలో ఒక కదలిక ఉంటుందని, అది వేళ్ళలోకి వస్తుందని చూసిన కన్ను అది.

చరిత్రలో ఈ స్త్రీలు ఉన్నారు. 1789 అక్టోబరులో రొట్టె కోసం వెర్సాయి దాకా నడిచి, రాజును పారిస్‌కు తెచ్చిన ఊరేగింపుకు ముందు నిలిచింది పారిస్ బజారు ఆడవాళ్ళు. తర్వాతి సంవత్సరాల్లో శాసనసభ గ్యాలరీల్లో కూర్చుని చర్చలు విన్నది పేట ఆడవాళ్ళు. చేతిలో పని ఉంటే వింటూనే చేసుకున్నారు. 'త్రికోతూజ్', అంటే అల్లేవాళ్ళు అన్న మాట, వాళ్ళకు తిట్టుగా స్థిరపడింది. 1793 అక్టోబరులో స్త్రీల క్లబ్బులను మూయించింది విప్లవ ప్రభుత్వమే. 1795లో గ్యాలరీల నుంచి కూడా వాళ్ళను తరిమేశారు. డికెన్స్ కార్లైల్ రాసిన విప్లవ చరిత్రను ముందు పెట్టుకుని రాశాడు. చర్చ విని తన తీర్పు తాను చెప్పుకునే పేట స్త్రీకి అతని నవలలో చోటు దొరకలేదు. గిలెటిన్ ముందు కుర్చీ వేసుకుని తలలు లెక్కపెట్టే స్త్రీకి దొరికింది.

అయినా డికెన్స్‌కు అన్యాయం చేయకూడదు. ఎవ్రెమాండ్ ప్రభువులు ఆమె అక్కను చెరిచి, ఆమె అన్నను పొడిచి, కుటుంబాన్నంతా నాశనం చేసిన కథను డాక్టర్ మానెట్ ఉత్తరం ద్వారా అతనే బయటపెట్టాడు. ఆమె కోపానికి కారణం ఇచ్చాడు. ఇచ్చి, ఆ కోపాన్ని వికృతం చేశాడు. చివరికి మిస్ ప్రాస్‌తో పెనుగులాటలో తన తుపాకి పేలి తనే చస్తుంది. గిలెటిన్ దగ్గర ఆమె అల్లిక పట్టుకుని, ఖాళీ కుర్చీ పక్కన, స్నేహితురాలు ఆమెను పిలుస్తూ ఉంటుంది. మధ్యతరగతి మానవతావాదం ఆగిపోయే గీత ఇది. పీడితుని కన్నీరు దానికి సమ్మతమే. పీడితుని లెక్కల పుస్తకాన్ని చూస్తే మాత్రం భయం.

వర్జీనియా వూల్ఫ్ 'టు ది లైట్‌హౌస్' (1927)కు వస్తే వాతావరణం పూర్తిగా మారుతుంది. మిసెస్ రామ్సే సముద్రపు ఒడ్డున వేసవి ఇంట్లో ఒక మేజోడు అల్లుతూ ఉంటుంది. అది దీపస్తంభం కావలివాని కొడుకుకు. ఆ పిల్లవానికి తుంటి ఎముక జబ్బు. తన కొడుకు జేమ్స్ కాలికి పెట్టి కొలత చూస్తుంది, పొట్టిగా ఉందని తెలుసుకుంటుంది. ఇంత చిన్న పని మీద ఎరిక్ ఆవర్‌బాక్ తన 'మిమెసిస్' (1946) గ్రంథంలో చివరి అధ్యాయం రాశాడు, దానికి ఆ గోధుమరంగు మేజోడు పేరే పెట్టాడు. కొలత చూసే ఆ కొద్ది క్షణాల బయటి కాలంలో మనసు ఎంత దూరం తిరిగి వస్తుందో అతను విప్పి చూపాడు. చైతన్య స్రవంతి శిల్పాన్ని చదువుకునేవాళ్ళు తప్పక చూడవలసిన వ్యాసం. నాకు కనిపించేది మరొకటి కూడా. ఆ మేజోడు దానం. ఇచ్చే ఇల్లు, పుచ్చుకునే ఇల్లు వేరు వేరు వర్గాలవి. దాన్ని తాను పూర్తి చేయలేనని మిసెస్ రామ్సే ఒక రాత్రి అంటుంది. తర్వాతి భాగంలో ఆమె మరణాన్ని వూల్ఫ్ బ్రాకెట్లలో ఒక్క వాక్యంతో ముగిస్తుంది. ఆ పిల్లవాడు మేజోడు కోసం ఎదురుచూశాడా లేదా అన్నది నవల అడగదు.

మన దగ్గరికి వద్దాం. 1960ల నుంచి 80ల దాకా వారపత్రికల సీరియల్ నవలల్లో ఊలు బంతి ఒక అలవాటైన సరుకు. నాయిక సోఫాలో కూర్చుని స్వెట్టరు అల్లుతున్నదంటే ఆ ఇల్లు కలిగినదని, ఆమె చదువుకున్నదని, వంటకు మనిషి ఉన్నదని అర్థం. బుల్లి స్వెట్టరు అయితే గర్భవతి అని అర్థం. సినిమావాళ్ళు ఈ గుర్తును అరిగిపోయేదాకా వాడారు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మా గోదావరిఖనిలో కూర్చుని ఆ సీరియళ్ళు చదువుతుంటే ఆ స్వెట్టరు ఎవరు తొడుక్కుంటారా అని నవ్వొచ్చేది. తొడుక్కోవడానికి కాదు గదా అది, చూపించడానికి. అక్కడ అల్లిక పని తీరికకు గుర్తు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్ళు కొక్కెపు సూదితో లేసు అల్లి విదేశాలకు పంపుతున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన పని అది. అక్కడ వేలాది ఇళ్ళలో పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరలో అక్కడికి వచ్చి పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' ప్రచురించింది. ఆమె చూపిన విషయం ఇది. ఆడవాళ్ళు ఇంటి చాకిరీ అంతా చేసుకుని, దాని మీద రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వచ్చేది పొలం కూలి కంటే తక్కువ. ఎగుమతి వ్యాపారం, లాభం మగవాళ్ళ చేతుల్లో ఉంది. ఇంతా చేసి వాళ్ళను పనివాళ్ళని ఎవరూ అనరు. ఇంట్లో కూర్చునే గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అంటారు. కూలికి పోయే మాల మాదిగ స్త్రీల కంటే తాము గౌరవంగా గడపలోపల ఉన్నామని కాపు స్త్రీలు అనుకుంటారు. కాని సంపాదనలో వాళ్ళ కంటే వెనకే ఉంటారు. మదాం డిఫార్జ్ గూఢచారికి అబద్ధంగా చెప్పిన మాటనే ఇక్కడ వ్యాపారి నిజం చేశాడు. కాలక్షేపం అన్న పేరు పెడితే కూలి ఇవ్వనక్కరలేదు.

ఆ పనిలో ఇంకొక సంగతి నవలాకారులకు పనికివస్తుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది, అది చేతిపని. ఆ ముక్కలను కలపడం అతుకుపని, అది ఇంకొకామెది. పువ్వు అల్లిన మనిషి చేతికి మొత్తం గుడ్డ రాదు. దాన్ని మేజా మీద పరిచిన ఇల్లు ఏ దేశంలోనో ఉంటుంది. ముక్కలుగా చీల్చిన శ్రమ ఇది. ఒకే నాయిక చుట్టూ తిరిగే నవలాశిల్పం దీనికి చాలదు. మన నవలలో నాగలికి, బొగ్గు తట్టకు దొరికిన గౌరవం ఈ సూదికి దక్కలేదంటే కారణం రచయితల సానుభూతి లోపం అని నేననను. శ్రమ అంటే గడప బయట, గుంపుగా, చెమటతో జరిగేదని మనమూ నమ్మాం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది.

ఈ మాటలు రాస్తున్నవాణ్ణి బొగ్గు గనుల ఊళ్ళో ఉన్నాను కాబట్టి ఇక్కడి సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆడవాళ్ళు కూడా గనుల్లో పనిచేశారు. 1952 గనుల చట్టం వాళ్ళను భూగర్భంలో పనికి పెట్టగూడదన్నది, 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. మధ్య కాలమంతా కాలనీల్లో గనిపని మగవానిది, ఆడది గృహిణి. మా వీధిలో ఒక కార్మికుని భార్య ఉన్నది. చలికాలం రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ళు మెడకు చుట్టుకునే మఫ్లర్లు అల్లుతుంది. గుమ్మాలకు ఊలు తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు కూడా ఆమె చేతివే. ఈ వ్యాసం ఆలోచిస్తున్న రోజుల్లో అడిగాను.

"ఎవరికక్కా ఇవన్నీ?"

"ఎవరికేంది సారూ. ఊకె కూసుంటే పొద్దు పోతలేదని."

పొద్దు పోవడానికే అయితే ఆ పక్కన ఉన్న పిల్లల నోటుపుస్తకం ఎందుకని అడిగితే మొదట నవ్వింది. తర్వాత తెరిచి చూపించింది. ఎడమ వైపు పేర్లు, కుడి వైపు పైసలు. చిట్టీ కట్టిన నెలలకు ఎర్ర గీత. మఫ్లరుకు ఎంత ఊలు పట్టింది, ఎన్ని రాత్రులు పట్టింది అని అడిగాను. ఊలు లెక్క టక్కున చెప్పింది. రాత్రుల లెక్క రాయలేదన్నది.

"రాత్రులకు పైసలిస్తరా సారూ ఎవలన్న?"

మా ఇద్దరు పిల్లల మఫ్లర్లు కూడా ఆ పేజీలోనే ఉన్నాయి. రెండోదాని ఎదురుగా పైసలు పడలేదు.