నీటి యొడ్డున కట్టడము: సముద్రము నేర్పు పాఠము

రుద్రారమునకు సముద్రము బహుదూరము. అయినను నీటి యొడ్డున భవనము ఎట్లు నిర్మింపవలెనను ప్రశ్న ప్రతి గ్రామ పంచాయతీకిని ఏనాడో ఒకనాడు ఎదురగును. చెరువు గట్టుచెంత పాఠశాల గాని, జలాశయతీరమున ఈత, పడవల శిక్షణకేంద్రము గాని కోరుచు తీర్మానము వచ్చినపుడు సభ్యులు దేనిని పరిశీలింపవలెను? ఈ విషయమున సముద్రతీర నిర్మాణములు మనకు మంచి మార్గదర్శకములు.

జలక్రీడల శిక్షణకై భారత ప్రభుత్వము 1990లో గోవాయందు జాతీయ జలక్రీడా సంస్థను నెలకొల్పినది. దాని నూతన ప్రాంగణము 2024 ఫిబ్రవరి 6న ప్రారంభింపబడినది. పడవ నడపుట, మునుగుచున్నవారిని రక్షించుట మున్నగునవి అచట నేర్పుదురు. ఇట్టి ప్రాంగణములకు అలను, శంఖమును, తెరచాపను తలపించు రూపములను కల్పింపవలెనని వాస్తుశిల్పులు కోరుట సహజము. రూపము కన్నులకు విందే. కాని అంతటితో పని తీరదు.

ఆస్ట్రేలియాలో సిడ్నీ రేవున 1973లో ప్రారంభమైన ఆపెరా హౌస్ అను నాటకశాల కప్పులు గాలికి నిండిన తెరచాపలవలె నుండును. రూపకర్త యోర్న్ ఉట్జాన్ ఆ కప్పులన్నియు ఒకే గోళమునుండి కోసిన ముక్కలగునట్లు లెక్క కుదిర్చిన పిమ్మటనే, భాగములను ఒకే తీరు అచ్చులలో పోతపోసి నిలుపుట సాధ్యమైనది. అందమునకు ఆధారము లెక్కయే.

మన తీరవాసులు ఈ సత్యమును ఏనాడో ఎరుగుదురు. తాటాకు కప్పిన గుండ్రని చుట్టిల్లు ఇందుకు సాక్ష్యము. మూలలు లేని గోడను గాలి చుట్టి సాగిపోవును. ఏటవాలు కప్పు, క్రిందికి దిగిన చూరు గాలిని లోనికి దూరనీయవు. అయితే గాలి వేరు, నీరు వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పిదప తీరమున వెలసిన తుపాను రక్షణ భవనములలో పెక్కింటిని స్తంభములపై ఎత్తి నిర్మించిరి. క్రింది భాగము ఖాళీగా నుండుటచే నీరు ఆటంకము లేక పారిపోవును. జనులు పై అంతస్తున తలదాచుకొందురు.

మూడవ శత్రువు ఉప్పు. ఉప్పుగాలి కాంక్రీటులోనికి చొరబడి ఇనుప కడ్డీలను త్రుప్పు పట్టించును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించుటచే కాంక్రీటు పగిలి పెచ్చులూడును. అందుచేతనే 2000 సంవత్సరపు భారత ప్రమాణము, ఎండవానల తాకిడి లేనిచోట కడ్డీపై 20 మిల్లీమీటర్ల కాంక్రీటు చాలునని చెప్పుచు, సముద్రతీరమున 45 మిల్లీమీటర్లు ఉండవలెనని విధించినది.

మన సంగారెడ్డి జిల్లాలో ఉప్పుగాలి లేదు, ఉప్పెన లేదు. కాని మంజీరపై 29.91 టి.ఎం.సి.ల సింగూరు జలాశయము కలదు. ఊరూర చెరువులు కలవు. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్‌పై తెరచాప పడవల పోటీలు జరుగుచున్నవి. కనుక జలక్రీడలు తీరవాసుల సొత్తు మాత్రమే కాదు. సముద్రమువలెనే చెరువునకును స్వభావము కలదు. పటము మీ ముందుకు వచ్చినపుడు ఈ ప్రశ్నలు వేయుడు:

చెరువు నిండినపుడు నీరు ఎంతవరకు వచ్చును? భవనము అంతకు ఎగువన నున్నదా, లేక శిఖము భూమిలోనికి జరిగినదా? మత్తడి దూకు నీటికి దారి విడిచిరా? శిక్షకుడు నిలుచు చోటునుండి నీటిలోని పిల్లలందరు కనబడుదురా? ఆపద వచ్చినచో రక్షక పడవ వాలుబాట మీదుగా తక్షణమే నీటిలోనికి దిగునా? వైద్యవాహనము ఒడ్డువరకు రాగలదా? తడి పాదములు జారని నేల వేయుదురా?

ఇంజనీరుచేత వీనికి జవాబులు వ్రాయించుకొనిన పిదపనే సమ్మతి నిండు. కప్పునకు అల ఆకారము ఉన్నను లేకున్నను నష్టము లేదు. నీటికి దారి విడువనిచో మాత్రము ఊరి ధనమునకే గాక ఊరి బిడ్డల ప్రాణములకును ముప్పు వాటిల్లును.