వాన నమాజు, తీరని అప్పు: పాపక్షమాపణను గూర్చి మన ముస్లిం పొరుగువారి విశ్వాసం



గుమ్మఘట్ట ప్రాంతంలో ఆకాశం వైపు చూడని కుటుంబం ఉండదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేదవతి మీద భైరవానితిప్ప డ్యాము కట్టుకున్నా, పైనుంచి ఏరు పారితేనే అందులో నీళ్లు. వేసిన వేరుశనగ వాడిపోతుంటే కొందరు కప్పలకు పెళ్లి చేస్తారు, మనం ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటాం. ముస్లిములు వాన నమాజు చేస్తారు.

దీనిని అరబ్బీలో ఇస్తిస్కా అంటారు. ఆడంబరం లేని బట్టలతో, తగ్గింపుతో ఊరి బయటి మైదానానికి వెళ్లి రెండు రకాత్‌ల నమాజు చేసి, చేతులెత్తి వేడుకుంటారు. ఆ వేడుకోలుకు ఆయువుపట్టు పాపక్షమాపణ. ఖురాన్‌లో 71వ అధ్యాయం నూహ్ ప్రవక్తది, అంటే మన నోవహుది. క్షమాపణ అడగండి, దేవుడు వానలు కురిపిస్తాడు అని ఆయన తన ప్రజలకు బోధించినట్లు అందులో ఉంది. సొలొమోను కూడా దేవాలయ ప్రతిష్ఠ నాడు ఇదే భావంతో ప్రార్థించాడు (1 రాజులు 8వ అధ్యాయం). ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు విశ్వాసాలు విడిపోయేది ఎక్కడ? ఈ నెల ఆ సంగతి ఆలోచిద్దాం.

పాపం అంటే ఏమిటి?

ముస్లిం విశ్వాసానికి పునాదులు ఆరు: ఒక్కడే దేవుడు, దూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పు దినం, దైవ నిర్ణయం. ఆచరణకు స్తంభాలు అయిదు: షహాదా అనే సాక్ష్యవాక్యం, నమాజు, రోజా, జకాత్, హజ్. దేవునికి మరొకరిని సాటి కల్పించడం అన్నిటికన్నా పెద్ద పాపం. దానిని షిర్క్ అంటారు. పశ్చాత్తాపపడకుండా ఆ స్థితిలోనే చనిపోయినవారికి క్షమాపణ లేదని వారి నమ్మకం.

ఆదాము కథ వారికీ ఉంది. ఆదం, హవ్వా ఇద్దరూ తప్పు చేశారు, ఇద్దరూ వేడుకున్నారు, దేవుడు క్షమించాడు. వారి పాపం అంతటితో ముగిసింది, బిడ్డలకు రాలేదు. పుట్టే ప్రతి శిశువూ ఫిత్రత్ అనే స్వచ్ఛమైన స్వభావంతో పుడుతుంది. మనిషి బలహీనుడు, మరచిపోయేవాడు, దారి తప్పేవాడు. కాబట్టి అతనికి కావలసింది దారి చూపే గ్రంథం, గుర్తుచేసే ప్రవక్త.

మనం రోమా పత్రిక 5వ అధ్యాయాన్ని బట్టి పాపాన్ని తప్పటడుగుగా మాత్రమే కాక, పుట్టుకనుంచి మనిషిని పట్టుకున్న బానిసత్వంగా చూస్తాం. దారి తప్పినవానికి దారి చెబితే చాలు. సంకెళ్లలో ఉన్నవానికి దారి చెప్పి లాభం లేదు, విడిపించేవాడు కావాలి. రెండు విశ్వాసాలూ వేరయ్యే మలుపు ఇదే.

క్షమాపణ దొరికేది ఎలా?

ముస్లిములు మంచి పనులు లెక్కగట్టి స్వర్గం కొనుక్కోవాలనుకుంటారు అనే మాట మన ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. ఇది సగం నిజం. తీర్పు దినాన త్రాసులో క్రియలు తూచబడతాయని ఖురాన్ చెప్పే మాట నిజమే. అయితే తన క్రియల వల్లనే ఎవరూ స్వర్గంలో ప్రవేశించరనీ, దేవుని కరుణ కమ్ముకోకపోతే తాను కూడా ప్రవేశించలేననీ ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్లు వారు ప్రామాణికంగా ఎంచే హదీసులలో ఉంది. ఖురాన్‌లోని 114 అధ్యాయాలలో 113 దేవుని కరుణను తలచుకొనే మాటతోనే మొదలవుతాయి.

పశ్చాత్తాపాన్ని వారు తౌబా అంటారు. దానికి పండితులు షరతులు చెప్పారు. పాపం మానుకోవాలి, మనసులో దుఃఖపడాలి, మళ్లీ చేయనని తీర్మానించుకోవాలి. తోటి మనిషికి అన్యాయం చేసి ఉంటే అతని సొత్తు తిరిగి ఇవ్వాలి, లేదా అతని చేత క్షమించబడాలి. పూజారి అక్కరలేదు, బలి అక్కరలేదు. అయినా దేవుడు నన్ను తప్పక చేర్చుకున్నాడని ధీమాగా చెప్పడానికి భక్తుడైన ముస్లిం జంకుతాడు. భయానికీ ఆశకూ మధ్య నడవడమే అతని భక్తి.

మన జిల్లాలో గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి మొహర్రం రోజులలో హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్లడం చూస్తాం. పీర్ల మొక్కుబడులు జనంలో పాతుకున్న ఆచారం. ముస్లిం పండితులలో చాలామంది వాటిని ఒప్పుకోరు. పైన చెప్పిన ఆరు విశ్వాసాలలో అవి లేవు.

అప్పు చెప్పే పాఠం

కరువు సీమలో అప్పు అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు. ఇస్లాం అప్పును చాలా బరువుగా ఎంచుతుంది. చనిపోయినవాని ఆస్తి పంచే ముందు అతని బాకీలు తీర్చాలి. జనాజా నమాజు దగ్గర, ఈయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండని బంధువులు అడగడం చాలా ఊళ్లలో వాడుక. ఒకసారి అప్పుతో చనిపోయిన మనిషి జనాజాను తెచ్చినప్పుడు ప్రవక్త తాను నమాజు చేయించకుండా ఆగిపోయారు. అబూ ఖతాదా అనే అనుచరుడు ఆ అప్పు తన మీద వేసుకున్నాకే చేయించారు.

ఒకని రూకల బాకీని మరొకడు తీర్చవచ్చు. పాపపు బాకీ మాటేమిటి? ఒకరి భారం మరొకరు మోయరని ఖురాన్ పదే పదే చెబుతుంది. ఈసా మసీహ్‌ను కన్యక మరియమ్మ కుమారుడనీ, గొప్ప ప్రవక్త అనీ వారు గౌరవిస్తారు. 19వ అధ్యాయానికి ఆ తల్లి పేరే ఉంది. అయితే ఆయన సిలువ వేయబడలేదని 4వ అధ్యాయం చెబుతుంది. దేవుడు కరుణించి ఊరికే క్షమించగలడు కదా, మధ్యలో ఒకరు చావడం ఎందుకు అన్నది వారు మనల్ని నిజాయితీగా అడిగే ప్రశ్న.

దానికి మన జవాబు అప్పులోనే ఉంది. ఋణం మాఫీ అయిందంటే ఆ నష్టాన్ని ఎవరో ఒకరు భరించారనే అర్థం. ఇచ్చినవాడే భరించాలి. సిలువలో దేవుడే ఆ నష్టం భరించాడని, మన అప్పుపత్రం అక్కడ రద్దయిందని మనం నమ్ముతాం (కొలస్సయులకు 2వ అధ్యాయం). ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు పాపాలను ఋణాలు అనే చెప్పింది.

మనం చేయవలసింది

పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ పొరుగువాని మతానికీ వర్తిస్తుంది. వారి విశ్వాసం గురించి మాట్లాడే ముందు వారినే అడిగి తెలుసుకుందాం. ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కారు. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన పండితుడు. పరాయి గ్రంథాన్ని శ్రద్ధతో చదివే మర్యాద ఈ జిల్లాకు కొత్త కాదు.

మరొక మాట. బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వాలని, వదిలివేస్తే ఇంకా మేలని ఖురాన్ 2వ అధ్యాయం బోధిస్తుంది. పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకొని, తోటివాని చిన్న బాకీకి గొంతు పట్టుకున్న దాసుని కథ మత్తయి 18వ అధ్యాయంలో మన ప్రభువు చెప్పాడు. మన ఋణమంతా తీరిపోయిందని సాక్ష్యం చెప్పే మనం, పంట పోయిన ఏడాది మన దగ్గర చేబదులు తీసుకున్న పొరుగువానితో ఎలా నడుచుకుంటున్నాం? సిలువను గూర్చి మనం చెప్పే మాట అతడు నమ్మాలంటే ముందు అతనికి కనబడేది ఇదే.