పుస్తకాలు అవే... వేరైనది ఒక్క పీరియడు

ఊళ్లో ఐదో తరగతి అయిపోయింది. పిల్లవాడిని ఆరో తరగతిలో ఎక్కడ చేర్చాలి? గుంటూరు, కృష్ణా పల్లెల్లో ఏటా వేసవిలో ఇంటింటా నడిచే చర్చ ఇది. పక్క ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంటుంది. కొన్నిచోట్ల దానికి దగ్గర్లోనే గుడి, గుడి పక్కన ఫాదర్ల బడో, సిస్టర్ల బడో ఉంటుంది. క్రమశిక్షణ బాగుంటుందని కొందరు అటు మొగ్గుతారు. మతం నేర్పుతారేమోనని కొందరు వెనకాడతారు. కథోలిక కుటుంబాల వారు మాత్రం బడిలో చేర్చాం కదా, జపాలన్నీ అక్కడే వస్తాయిలే అని ధీమాగా ఉంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో అక్కడ ఏం నేర్పుతారో విడమరచి చూస్తే ఆ భయమూ, ఈ ధీమా రెండూ కొంత సడలుతాయి.

చదువు ఒక్కటే

రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపుతో రాష్ట్ర సిలబస్ చెప్పే కథోలిక పాఠశాలల్లో పాఠ్యాంశాలు సర్కారు బడిలో ఉన్నవే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం అన్నీ ఉంటాయి. పదో తరగతిలో రాసే పబ్లిక్ పరీక్ష కూడా అందరితోపాటే. పట్టణాల్లో కొన్ని కథోలిక పాఠశాలలు కేంద్ర సిలబస్ నడుపుతున్నాయి. కాబట్టి ఏ సిలబస్ అన్నది చేరేముందే కనుక్కోవాలి.

తేడా కనిపించేది రెండు చోట్ల. ఒకటి ఉదయం ప్రార్థన. రెండోది టైంటేబుల్‌లో అదనంగా ఉండే ఒక పీరియడు. ఆ పీరియడులో చాలా బడుల్లో తరగతి రెండుగా విడిపోతుంది. కథోలిక పిల్లలు ఒక గదిలో సత్యోపదేశం వింటారు. మిగతా పిల్లలకు మరో గదిలో నీతిబోధ జరుగుతుంది. దీనినే మోరల్ సైన్స్ అంటారు. నిజం చెప్పడం, పెద్దలను గౌరవించడం, అన్నం పారవేయకపోవడం, పరుల సొమ్ము ముట్టకపోవడం వంటి విషయాలు కథల రూపంలో ఉంటాయి. గాంధీజీ జీవితమూ, మదర్ థెరిసా సేవలూ అందులో తరచు కనిపించే పాఠాలు.

జపం దాటి అర్థం వైపు

చిన్న తరగతుల్లో కథోలిక పిల్లలు జపాలు కంఠస్థం చేస్తారు. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, దేవుని పది ఆజ్ఞలు అప్పటికే నోటికి వచ్చి ఉంటాయి. తొలి దివ్యసత్ప్రసాదం కూడా సాధారణంగా ఆ వయసులోనే అయిపోతుంది.

ఆరో తరగతి నుంచి పాఠం మారుతుంది. నోటికి వచ్చినదానికి అర్థం చెప్పడం మొదలవుతుంది. అబ్రహాము, మోషే, దావీదుల నుంచి క్రీస్తు వరకు బైబిలు చరిత్రను వరుసగా చెబుతారు. దివ్యబలిపూజలో దైవవాక్య భాగం ఏది, దివ్యసత్ప్రసాద భాగం ఏది, ఎప్పుడు నిలబడాలి, ఎందుకు మోకరించాలి అన్నది వివరిస్తారు. ఏడు దివ్యసంస్కారాలు ఒక్కొక్కటిగా నేర్పుతారు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం అన్నవి ఆ ఏడు.

జపమాల దేవరహస్యాలు కూడా ఈ తరగతుల్లోనే పట్టుబడతాయి. సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలు ఐదేసి చొప్పున తాతల కాలం నుంచీ ఉన్నవే. పోపు రెండవ జాన్ పాల్ 2002లో వెలుగు రహస్యాలు ఐదు చేర్చడంతో మొత్తం 20 అయ్యాయి. ఇంట్లో అవ్వకు 15 తెలిస్తే మనవరాలికి 20 తెలియడం అందువల్లనే.

గురువు వేసుకున్న పూజావస్త్రం రంగును బట్టి కాలం చెప్పడం పిల్లలు ఇష్టంగా నేర్చుకునే పాఠం. ఊదా అయితే ఆగమనకాలం లేదా తపస్సుకాలం. తెలుపు అయితే క్రిస్మసు, పాస్కా పండుగల కాలం. ఎరుపు పవిత్రాత్మ పండుగకు, వేదసాక్షుల పండుగలకు. మిగతా సామాన్య దినాల్లో ఆకుపచ్చ. ఆగస్టు 15న ఈ బడుల్లో రెండు పండుగలు కలిసి వస్తాయి. ఒకటి స్వాతంత్ర్య దినం, రెండోది మరియమాత మోక్షారోపణ పండుగ. ఫిబ్రవరి 11న గుణదల కొండకు వెళ్లే పిల్లలకు అక్కడి కథ కూడా చెబుతారు. 1924లో అక్కడి అనాథ బాలల ఆశ్రమం నడిపిన ఫాదర్ ఆర్లాటి కొండపై మరియమాత ప్రతిమను నెలకొల్పారు.

భద్రమైన అభ్యంగనానికి తయారీ సాధారణంగా ఈ వయసు పిల్లలకే ఉంటుంది. ఎన్నో ఏట ఇవ్వాలన్నది మేత్రాసనాన్ని బట్టి మారుతుంది. మామూలుగా ఈ సంస్కారం ఇచ్చేది మేత్రాణులు. నుదుట పరిశుద్ధ తైలం పూసి ఇస్తారు. అందుకే ఆయన విచారణకు వచ్చే రోజు దగ్గరపడితే పవిత్రాత్మ ఏడు వరాలు పిల్లల చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తారు.

మాటల్లో తేడా

ఈ బడుల్లో లూథరన్, బాప్టిస్టు కుటుంబాల పిల్లలూ చదువుతారు. వారికి మొదట్లో మాటలు తికమకగా ఉంటాయి. ఇంట్లో బాప్తిస్మం అంటారు, బడిలో జ్ఞానస్నానం అంటారు. అక్కడ పరిశుద్ధాత్మ, ఇక్కడ పవిత్రాత్మ. కథోలిక బైబిలులో 73 గ్రంథాలు ఉంటే ప్రొటెస్టంటు బైబిలులో 66 ఉంటాయి. పిల్లవాడు వచ్చి ఇదేమిటని అడిగితే కసురుకోకుండా, రెండు సంఘాల వాడుక వేరని పెద్దలు చెప్పడం మంచిది.

బడిలో ఇంగ్లీషు, గుడిలో తెలుగు

కథోలిక కుటుంబాలు ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగింది. అంతవరకు పూజ లాటిన్‌లో సాగేది. ఆ తర్వాత తెలుగులోకి వచ్చింది. పాటలూ, పఠనాలూ ఊరివారికి అర్థమయ్యాయి.

ఇంగ్లీషు మీడియం బడుల్లో ఉదయం ప్రార్థన ఇంగ్లీషులో సాగడం సాధారణం. సత్యోపదేశం పుస్తకం కూడా కొన్నిచోట్ల ఇంగ్లీషులోనే ఉంటుంది. అక్కడ చదివే పిల్లవాడు పరలోక జపం ఇంగ్లీషులో గడగడా చెబుతాడు. రాత్రి ఇంట్లో అవ్వ జపమాల మొదలుపెడితే తోడు పలకలేక తడబడతాడు. ఆదివారం పూజలో పఠనం చదవమంటే వెనక్కి తగ్గుతాడు. బడిలో నేర్చినది ఇంటికీ, గుడికీ అందకపోతే ఆ పీరియడు మార్కులకే పరిమితమవుతుంది. ఆదివారం విచారణలో జరిగే సత్యోపదేశానికి పిల్లలను పంపడం, రాత్రి ఇంట్లో తెలుగులో జపం చెప్పించడం దీనికి విరుగుడు. బడిలో చేర్చాం కదా అని ఊరుకుంటే సరిపోదు.

చట్టం ఏమంటోంది?

మైనారిటీలు తమ ఇష్టప్రకారం విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో తల్లిదండ్రులకూ ఒక హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు గానీ, ప్రభుత్వ సాయం గానీ ఉన్న బడిలో మతబోధకు, మతారాధనకు హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టరాదు. పిల్లవాడు మైనరు అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. 29వ అధికరణం ప్రకారం ప్రభుత్వ సాయం పొందే బడి కేవలం మతం, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదు.

బడిలో చదివినంత మాత్రాన ఎవరి మతమూ మారదు. కథోలిక సంఘంలో చేరడానికి జ్ఞానస్నానం తప్పదు. ఈ సంగతి తెలియక కుల ధ్రువపత్రం విషయంలో దిగులు పడేవారు ఉన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారిని రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఆ ఉత్తర్వు చూసేది మతాన్ని. పిల్లవాడు ఏ బడిలో చదివాడన్న మాట అందులో లేదు.

ఫీజు సంగతి

కథోలిక బడి అంటే ఉచితమని కొందరు, ఖరీదని కొందరు అనుకుంటారు. అది బడి రకాన్ని బట్టి ఉంటుంది. ఎయిడెడ్ బడిలో మంజూరైన ఉపాధ్యాయులకు ప్రభుత్వమే జీతమిస్తుంది. ఎనిమిదో తరగతి వరకు మధ్యాహ్న భోజన పథకం వర్తిస్తుంది. సాయం లేని బడి ఫీజుల మీదే నడవాలి.

2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను సాయం వదులుకోవడమో, సంస్థను అప్పగించడమో చేయమని కోరింది. విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. ఆ ఏడాది నవంబరులో పాత పద్ధతిలోనే కొనసాగవచ్చని, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వం తెలిపింది. కనుక నిన్నటి ఎయిడెడ్ బడి నేడూ ఎయిడెడేనా అన్నది అడిగి తెలుసుకోవాలి.

ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న 2009 విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును పెద్ద ధర్మాసనం తిరిగి పరిశీలించాలని 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం అభిప్రాయపడింది. ఆ చట్టం కింద సీటు వస్తుందని నమ్ముకుని మరో బడి వదులుకోవడం మంచిది కాదు.

చేర్చేముందు అడగవలసినవి

బడి ఎయిడెడా, కాదా? సిలబస్ ఏది, మాధ్యమం ఏది? ఏడాది ఫీజు మొత్తం ఎంత, పుస్తకాలు, యూనిఫాం అందులో కలిసి ఉన్నాయా? సత్యోపదేశం, నీతిబోధ వేర్వేరుగా జరుగుతాయా? వేరుగా జరగకపోతే పిల్లవాడు ఆ సమయంలో ఎక్కడ కూర్చుంటాడు? ఈ ప్రశ్నలు హెడ్‌మాస్టరును గానీ, హెడ్‌మిస్ట్రెసును గానీ అడగడానికి మొహమాటపడనక్కర లేదు. సమ్మతి విషయం ఏదైనా ఉంటే నోటిమాటతో సరిపెట్టకుండా దరఖాస్తులోనే రాసి ఇవ్వాలి. బడి తెరిచాక జూలైలో గొడవ పడేకంటే, జూన్‌లో చేర్చేనాడే అడిగి తెలుసుకోవడం పిల్లవాడికీ, బడికీ కూడా మంచిది.