కప్పకు పేరేల మారినది?

వానకాలమున మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో దీపముల క్రిందికి పురుగులకై వచ్చు బుడిపెల కప్ప కన్నడిగులకు కప్పె, తమిళులకు తేరై. ఈ చిక్కు తొలగుటకే శాస్త్రజ్ఞులు లోకమంతటికిని ఒక్కపేరు పెట్టుదురు. 1799లో ష్నైడర్ దీనిని ‘బుఫో మెలనోస్టిక్టస్’ అనెను. రెండవ మాటకు నల్లచుక్కలు గలదని యర్థము. మొదటిది ప్రజాతి, అనగా ఇంటిపేరు వంటిది. ఆ యింటిపేరు గల కప్పలలో కొన్నిటికి వేరింటివారే దగ్గరి చుట్టములని జన్యుపరీక్షలు తేల్చినవి. అందుచే 2006లో మన కప్ప ‘దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్’ అయినది. ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థము ఏర్పడిన పేరిది. ఐరోపా కప్పకు మాత్రము ‘బుఫో’ నిలిచినది. పాతపుస్తకము చదివి ‘బుఫో’ యని వ్రాసిన బాలునికి సున్న వేయుట నాకు సమ్మతము కాదు. ఇంటిపేరు మారినను సొంతపేరు సాధారణముగా నిలుచును. పెట్టినవాని పేరును నిలుచును. ఇప్పుడు ష్నైడర్ పేరు కుండలీకరణములలో కనబడుట ప్రజాతి మారినదనుటకు గుర్తు.