ప్రాణాలు తీయడంలో ముందు.. పరిశోధన నిధుల్లో వెనుక

జగిత్యాల: దుబాయ్‌కో, మస్కట్‌కో పోదామని అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి, పాస్‌పోర్టు పట్టుకుని మెడికల్‌కు వెళ్ళిన యువకుడు ఒక్కోసారి ఒకే ఒక్క మాటతో వెనక్కు తిరిగి వస్తాడు. ఆ మాట 'అన్‌ఫిట్'. చూడబోతే మనిషికి జ్వరం లేదు, నలత లేదు. వడ్ల బస్తా ఎత్తి భుజాన వేసుకోగల వాడు. అయినా రక్తంలో హెపటైటిస్ బి గానీ, సి గానీ కనిపించిందంటే గల్ఫ్ దేశాల నిబంధనల ప్రకారం ఉద్యోగ వీసా దక్కదు.

ఇంటికి వచ్చినవాడు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోడు. చెబితే పిల్లనిచ్చేవారు వెనక్కు తగ్గుతారని, ఇరుగుపొరుగు మంచినీళ్ళ గ్లాసు వేరుగా పెడతారని భయం. నిజానికి బి, సి రకాలు కలిసి తింటేనో, ఒకే గ్లాసుతో తాగితేనో అంటుకునేవి కావు. రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా సోకుతాయి. బి రకం కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, లైంగిక సంబంధాల ద్వారా కూడా వస్తుంది. ఈ ముక్క విడమరిచి చెప్పేవారు కరువై చాలామంది గుట్టుగా పసరు మందుకు పోతున్నారు.

పసరు మందుకు మన పల్లెల్లో అంత పేరు రావడానికి కారణం లేకపోలేదు. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొద్ది వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. కంట్లో పసరు పిండినా, చేతిమీద వాత పెట్టినా, చప్పిడి కూడు తినిపించినా, ఏమీ చేయకపోయినా తగ్గేవే. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. బి, సి రకాల దారి వేరు. కళ్ళు పచ్చబడకుండానే, నొప్పి తెలియకుండానే ఇరవై ముప్ఫై ఏళ్ళు కాలేయంలో కూర్చుని, చివరకు కడుపు ఉబ్బి నీరు చేరిన తర్వాతనో, క్యాన్సరు ముదిరిన తర్వాతనో బయటపడతాయి.

సి రకాన్ని మూడు నెలల మాత్రలతో వదిలించవచ్చు. బి రకాన్ని ఒంట్లోంచి పూర్తిగా తరిమేసే మందు మాత్రం ఇంకా సర్కారు దవాఖానాలకు చేరలేదు. ఎందుకిలా? ఒకదానికి మందు దొరికి, ఇంకొకదానికి దొరకకపోవడం వైరస్ గడుసుదనం వల్లనేనా? కొంత అదే. మిగతాది డబ్బు సంగతి. ఏ జబ్బు మీద పరిశోధనకు ప్రభుత్వాలు ఎంత సొమ్ము పెడుతున్నాయనేది మామూలు మనిషి కంటబడని లెక్క.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా వైరల్ హెపటైటిస్ వల్ల 13 లక్షల మంది మరణించారు. అంటే రోజుకు 3,500 మంది. వీరిలో నూటికి 83 మంది బి రకం వల్ల పోయినవారే. అదే ఏడాది క్షయ వల్ల మరణించినవారు కూడా దాదాపు అంతే. ఎయిడ్స్ మరణాలు 6 లక్షల 30 వేలు, మలేరియా మరణాలు 6 లక్షల పైచిలుకు. చావుల లెక్కన చూస్తే హెపటైటిస్ క్షయకు సాటి, ఎయిడ్స్‌కు రెట్టింపు.

డబ్బు లెక్క ఇందుకు పూర్తిగా తలకిందులు. ప్రపంచంలో వైద్య పరిశోధనకు అన్నింటికన్నా ఎక్కువ సర్కారు సొమ్ము పెట్టే సంస్థ అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్.ఐ.హెచ్.). ఏ జబ్బుకు ఎంత ఖర్చు చేసిందీ ఆ సంస్థ ఏటా ప్రకటిస్తుంది. 2022లో ఎయిడ్స్ పరిశోధనకు అక్కడ వెచ్చించినది 300 కోట్ల డాలర్ల పైన. హెపటైటిస్ బి వంతుకు వచ్చినది 10 కోట్ల డాలర్ల లోపు. క్షయకు కూడా ఏమంత వెలగబెట్టినది లేదు. ప్రపంచంలోని దాతలు, ప్రభుత్వాలు, కంపెనీలు అందరూ కలిపి 2022లో క్షయ పరిశోధన మీద పెట్టినది సుమారు 100 కోట్ల డాలర్లు మాత్రమే.

ఈ పొంతన కుదరని సంగతి అక్కడివారికి తెలియక కాదు. జబ్బు వల్ల పోయిన ప్రాణాలు, మంచాన పడ్డ రోజులు అన్నీ కలిపి ఒక కొలత వేసి, దానితో పరిశోధన నిధులను పోల్చి చూసే పద్ధతి చాలాకాలంగా వుంది. 1999లో అమెరికా పరిశోధకులు 29 జబ్బులను ఇలా తూచి చూశారు. మొత్తం మీద నిధులు బరువుకు తగ్గట్టే పోతున్నా, ఎయిడ్స్, రొమ్ము క్యాన్సరు వంటి వాటికి వంతుకు మించి అందుతున్నాయని తేల్చారు. 2010లో అక్కడి వైద్య విజ్ఞాన మండలి హెపటైటిస్ మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. అమెరికాలో బి, సి రకాలు పాతుకుపోయినవారు 35 లక్షల నుంచి 53 లక్షల వరకు వుంటారని, హెచ్.ఐ.వి. వున్నవారు 11 లక్షలని లెక్క చెప్పింది. కాగా ఈ జబ్బులన్నింటినీ చూసే అక్కడి కేంద్ర విభాగంలో 2008లో హెచ్.ఐ.వి.కి 69 శాతం సొమ్ము పోతే, హెపటైటిస్‌కు 2 శాతం దక్కింది. ఇది నివారణ పనుల పద్దు, పరిశోధన పద్దు కాదు. అయినా చూపు ఎటు వుందో దీన్నిబట్టి తెలుస్తూనే వుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదు

ఎయిడ్స్‌కు నిధులు ఊరికే రాలేదన్నది ఇక్కడ గమనించదగిన సంగతి. చనిపోతున్న రోగులు, వారి స్నేహితులు వీధుల్లోకి వచ్చారు. 1988 అక్టోబరులో మందులకు అనుమతులిచ్చే కార్యాలయాన్ని, 1990 మేలో ఎన్.ఐ.హెచ్. ప్రాంగణాన్నే ముట్టడించారు. మందు పరీక్షలు ఎలా జరగాలో తామే కూర్చుని మాట్లాడారు. యువకులు కళ్ళముందే రాలిపోతుంటే ప్రభుత్వం కదలక తప్పలేదు. ఆ డబ్బు వృథా కూడా కాలేదు.

హెపటైటిస్ బి రోగి అలా వీధిలోకి రాడు. అమెరికాలో ఈ జబ్బు వున్నవారిలో ఎక్కువమంది ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి వలస వచ్చినవారే. ఇక్కడ గల్ఫ్ మెడికల్‌లో తప్పినవాడు ఎలా నోరు మెదపడో, అక్కడివారూ ఉద్యోగానికి భయపడి అలాగే నోరు మెదపరు. జబ్బు కూడా నోరు మెదపని జబ్బే. అడిగేవాడు లేనప్పుడు పద్దు రాసేవాడికి గుర్తు చేసేదెవరు?

ఎయిడ్స్ సొమ్ము దోచిపెట్టినట్టు మాట్లాడటం మాత్రం న్యాయం కాదు. ఈనాడు హెపటైటిస్ బి రోగులు రోజూ మింగే టెనోఫోవిర్ మాత్ర ఎయిడ్స్ పరిశోధన పుణ్యమే. అంతకుముందు వాడిన లామివుడిన్ కూడా ఆ ఇంటి నుంచి వచ్చినదే. అంటే బి రోగి పక్కింటి పొయ్యి మీద వండిన కూడు తింటున్నాడన్నమాట. ఆ మాత్ర వైరస్‌ను అణచి వుంచుతుంది గానీ వేరుతో పెకలించదు. కాలేయ కణం నడిబొడ్డున దాక్కున్న వైరస్ ప్రతిని ముట్టుకోదు. అందుకే చాలామంది ఏళ్ళ తరబడి, కొందరు జీవితాంతం మింగవలసి వస్తుంది.

డబ్బు, శ్రద్ధ పెడితే ఏం జరుగుతుందో సి రకం చూపించింది. ఎ కాని, బి కాని జబ్బు ఒకటి రక్తమార్పిడి ద్వారా వస్తున్నదని పసిగట్టిన హార్వే ఆల్టర్ ఎన్.ఐ.హెచ్. ఉద్యోగి. 1989లో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్‌ను ఒక ప్రైవేటు కంపెనీలో గుర్తించింది. అదొక్కటే జబ్బుకు చాలునని చార్లెస్ రైస్ నిరూపించారు. ముగ్గురికీ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్ మాత్ర అమెరికా బజారులోకి వచ్చింది. పన్నెండు వారాల వైద్యానికి 84,000 డాలర్లు, మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు! 2015 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీ అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు మన దేశంలో విడుదల చేసింది. తర్వాత ధర ఇంకా దిగివచ్చింది.

సైనికుల మీద పరీక్ష, అటక మీద టీకా

మన ప్రాంతాలకు మరీ దగ్గరి కథ ఇ రకానిది. 1955 చివర్లో ఢిల్లీలో యమున నీటిలో మురుగు కలిసి 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకమని పాతికేళ్ళ వరకు ప్రపంచానికి తెలియదు. 1978లో కాశ్మీరులో మళ్ళీ విరుచుకుపడినప్పుడు అక్కడి వైద్యుడు మహమ్మద్ సుల్తాన్ ఖురూ ఇది కొత్త జబ్బని గుర్తించారు. గర్భిణులకు ఇది యమగండం. ఏడో నెల దాటిన తర్వాత సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు చనిపోయే ప్రమాదం వుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2005లో హైదరాబాద్‌లో మంచినీటి గొట్టాలు మురుగు కాలువలను దాటిపోయే చోట్ల నీరు కలుషితమై ఈ జబ్బే ప్రబలింది.

దీనికి టీకా లేదా అంటే, వుంది. ఒకటి కాదు, రెండు తయారయ్యాయి. మొదటిది అమెరికా సర్కారు ప్రయోగశాలలో పుట్టి, నేపాల్ సైన్యంలో సుమారు 2,000 మంది మీద పరీక్షకు నిలిచింది. 95 శాతం మేర రక్షణ ఇస్తున్నదని 2007లో ప్రకటించారు. ఆ తర్వాత దాన్ని ఏ కంపెనీ బజారుకు తేలేదు. ఈ టీకా కావలసినవారు మురుగునీరు తాగే బీదలు కనుక కొనుగోలుదారు కనిపించకపోయి వుండాలి. పరీక్షకు చేయి చాచిన నేపాలీ సైనికుడి భార్యకు ఆ టీకా అందలేదు. రెండోది చైనాలో ప్రభుత్వ అండతో తయారై, లక్ష మందికి పైగా మీద పరీక్ష జరిగి, 2011లో అనుమతి పొందింది. జబ్బు తమ ఇంట్లో వుంది కనుక తమ డబ్బు పెట్టుకున్నారు. మన దేశపు టీకాల కార్యక్రమంలో ఇ రకానికి ఇప్పటికీ టీకా లేదు.

మన దేశం సంగతి చూస్తే, బి రకం వున్నవారు 2 కోట్ల 98 లక్షలు, సి రకం 55 లక్షలని 2022 అంచనా. చైనా తర్వాత మనదే. బి వున్నవారిలో ఆ సంగతి పరీక్షలో తేలినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. 2023-24 బడ్జెటులో కేంద్ర ఆరోగ్య శాఖకు 89,155 కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో ఆరోగ్య పరిశోధనకు 2,980 కోట్లు. జబ్బులవారీగా ఎంతెంత అన్నది బడ్జెటు పత్రాల్లో విడదీసి రాయరు. అమెరికా పద్దును తప్పుపట్టడానికైనా వీలుంది, మన పద్దును ప్రశ్నించడానికి అంకె కూడా దొరకదు.

పెట్టిన కొద్దిపాటి సొమ్ము మాత్రం ఇక్కడ పండకపోలేదు. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు వరప్రసాద రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హైదరాబాద్‌లోని సర్కారు పరిశోధనా కేంద్రం సి.సి.ఎం.బి.లో పనిచేసుకుని, కేంద్ర సాంకేతిక అభివృద్ధి మండలి అప్పు కూడా తోడై, 1997లో బి రకం టీకాను విడుదల చేశారు. విదేశీ టీకా ధరలో చిన్న పాలుకే అది దొరికింది. 2011 నుంచి దేశమంతటా పిల్లలకు ఈ టీకా ఉచితం. పుట్టిన 24 గంటల్లోపు మొదటి సూది పడాలి.

మన చేలగట్ల మీది నేల ఉసిరి కూడా ఒకసారి ఈ లెక్కల్లోకి ఎక్కింది. 1988లో మద్రాసు పరిశోధకులు, బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ పొందిన బ్లుంబర్గ్ కలిసి నేల ఉసిరి పొడిని రోగులకిచ్చి చూశారు. 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని ప్రకటించగానే పెద్ద సంచలనం రేగింది. ఇతర దేశాల్లో తిరిగి చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అయినా పసరు కేంద్రాల్లో మొదటి వార్త ఇంకా బతికే వుంది, రెండోది చేరలేదు.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద సర్కారు దవాఖానాల్లోని చికిత్స కేంద్రాల్లో రక్తపరీక్ష ఉచితం, సి రకానికి మందు ఉచితం, అవసరమైనవారికి బి మాత్రలూ ఉచితం. మెడికల్‌లో తప్పిన యువకుడు అక్కడికి వెళితే వైరస్ ఎంత వుందో, మాత్ర ఇప్పుడే కావాలో అక్కరలేదో చెబుతారు. ఇంట్లోవారికి పరీక్ష చేసి, లేనివారికి టీకా వేయించుకొమ్మంటారు. అప్పు చేసి కొన్న వీసా మాత్రం తిరిగి రాదు. మాత్ర మింగి వైరస్‌ను అణచుకున్నా, తర్వాతి మెడికల్‌లో రక్తంలో ఆ గుర్తు మళ్ళీ కనిపించే అవకాశమే ఎక్కువ. ఆ గుర్తును చెరిపేసే మందు కోసం వెతుకులాట ఇంకా సాగుతూనే వుంది.